తంబురా ఎందుకు వణికింది: పాతిక వేల బడ్జెట్‌లో ఒక హెడ్‌ఫోన్ కేసు

ఇళ్లలో పాటలు వినే ఏర్పాట్లు చూసిపెట్టడం నా పని. ఒకప్పుడు అందరూ స్పీకర్ల గురించి పిలిచేవారు, ఈ మధ్య ఎక్కువగా హెడ్‌ఫోన్ల గురించే పిలుస్తున్నారు. సరుకు అమ్మను. విని, కొలిచి, సలహా చెప్పి ఫీజు తీసుకుంటాను. ఈ కేసులో నేను వరసగా రెండు సలహాలు తప్పు ఇచ్చాను. రెండింటికీ అప్పట్లో నా దగ్గర గట్టి కారణాలే ఉన్నాయి. అందుకే రాస్తున్నాను. నన్ను పిలిచిన పెద్దావిడ అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆవిడకు అరవై దాటాయి. ఉద్యోగ విరమణ చేసి, విజయవాడలో ఒక పాత అపార్టుమెంటులో భర్తతో ఉంటున్నారు. పెళ్లికి ముందు ఎనిమిదేళ్లు గాత్రం నేర్చుకున్నారు. తర్వాత పాడటం మానేశారు కానీ చెవి మాత్రం మొద్దుబారలేదు. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది. ఆవిడ పుట్టేసరికే ఇంట్లో రేడియో ఉందట. పొద్దున్నే భక్తిరంజని మొదలైతే తప్ప వాళ్లమ్మగారు కాఫీ నీళ్లు పొయ్యి మీద పెట్టేవారు కారట.

పాటలు వినేది మధ్యాహ్నం భోజనం అయ్యాక, గంట నుంచి గంటన్నర. కచేరీలు, అందులోనూ ఎక్కువగా గాయనులవి. తర్వాత పాత సినిమా పాటలు, లలిత సంగీతం. ఆ వేళకు భర్త పక్క గదిలో నిద్రపోతారు కాబట్టి స్పీకరు కుదరదు. చాలాకాలం ఫోనుతో పాటు పెట్టెలో వచ్చిన ఇయర్‌ఫోన్లే వాడారు. అమెరికాలో ఉన్న కొడుకు క్రిందటేడు వస్తూ ఆవిడ కోసం మంచి హెడ్‌ఫోన్ తెచ్చాడు. 300 ఓమ్‌ల ఓపెన్ బ్యాక్ (ఓమ్ అంటే కరెంటుకు ఎదురయ్యే అడ్డుకు కొలత). సెన్‌హైజర్ హెచ్‌డి 600 అని 1997 నుంచి ఇప్పటికీ అమ్ముడవుతున్న మోడల్ ఒకటుంది. ఆ కోవకు చెందినదే ఇదీ.

ఓపెన్ బ్యాక్ అంటే చెవి కప్పుల వెనక భాగం మూసి ఉండదు, జాలీ ఉంటుంది. లోపలి ధ్వని బయటికి పోతుంది, బయటిది లోపలికి వస్తుంది. కప్పు గోడలకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని ఉండదు కాబట్టి గొంతు, వయొలిన్ చాలా సహజంగా వినిపిస్తాయి. అబ్బాయి ఎంపికలో తప్పేమీ లేదు. అతని గదిలో అది అద్భుతంగా వినిపించి ఉంటుంది.

వచ్చిన సమస్య

ఆవిడ చెప్పినవి మూడు ఫిర్యాదులు. ఆ రోజు నోటు పుస్తకంలో ఆవిడ మాటల్లోనే రాసుకున్నాను.

మొదటిది: "ఇరవై నిమిషాలకే తల బరువెక్కుతోంది బాబూ. తీసి పక్కన పెట్టేస్తున్నాను." రెండోది: "కచేరీల్లో తంబురా వణుకుతోంది. అన్నిటిలో కాదు, ఆడవాళ్లు పాడినవాటిలోనే." మూడోది: "కొన్ని పాత సినిమా పాటల్లో పాడే మనిషి ఉన్నట్టుండి పక్క గదిలోకి వెళ్లిపోతున్నారు."

మాటల మధ్యలో ఇంకొకటి కూడా అన్నారు. అది నేను రాసుకోలేదు. "ఆ ఫోనుతో వచ్చినవే నయం అనిపిస్తోంది. వాడికి చెబితే బాధపడతాడని చెప్పలేదు." అలవాటు పడ్డ ధ్వని మీద మమకారం అనుకుని ఆ మాటను దాటేశాను. కేసు అంతటికీ తాళంచెవి ఆ మాటలోనే ఉంది.

హెడ్‌ఫోన్‌కు తగిన ఆంప్లిఫయరు లేకపోవడమే జబ్బని కొడుకు ఫోనులోనే తేల్చేశాడు. డాక్ (డిజిటల్ పాటను హెడ్‌ఫోన్‌కు పనికొచ్చే విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం), ఆంప్ (ఆంప్లిఫయరు) కలిపి కొనడానికి 25,000 రూపాయలు పంపుతానన్నాడు. ఏది కొనాలో చెప్పడం వరకే నా పని.

మొదటి ప్రయత్నం: ఆంప్

అబ్బాయి మాట నమ్మదగ్గదిగానే ఉంది. లెక్క కట్టాను. హెడ్‌ఫోన్ పెట్టె మీద ఒక మిల్లీవాట్‌కు 97 డెసిబెల్స్ (ధ్వని ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) అని ఉంది. 300 ఓమ్‌ల లోపలికి ఒక మిల్లీవాట్ పంపాలంటే సుమారు 0.55 వోల్టు కావాలి. ఆవిడ ఫోను జాక్ నుంచి గరిష్ఠంగా వస్తున్నది 0.5 వోల్టు, కొలిచి చూశాను. అంటే ఫోను పూర్తిగా పెంచితే ఎక్కడో ఒక్క క్షణం వచ్చే అతి పెద్ద ధ్వని 96 డెసిబెల్స్. కచేరీలో అలాంటి శిఖరానికి, సగటు స్థాయికి మధ్య 20 డెసిబెల్స్ తేడా ఉండటం మామూలే. పైగా పాత రికార్డింగులను చాలావరకు తక్కువ స్థాయిలో ఎక్కిస్తారు, అక్కడ ఇంకో 6 నుంచి 10 పోతాయి. చివరికి చెవికి మిగిలేది 66 నుంచి 70. మామూలు సంభాషణ కన్నా కొంచెం ఎక్కువ, అంతే.

కాబట్టి ఆంప్ అవసరమే అనుకున్నాను. ఫోను చివరి గీత దాకా పెంచినా చాలక ఆవిడ చెవి రిక్కించి వింటున్నారు, అందుకే అలసిపోతున్నారు అన్నది నా వాదన. అయితే కొనిపించే ముందు నా దగ్గరున్న టేబుల్ ఆంప్‌ను రెండు వారాలు వాడుకోమని ఇచ్చాను. ఈ కేసు మొత్తంలో నేను ముందుచూపుతో చేసిన పని ఇదొక్కటే. నా ఆఫీసులో కూర్చోబెట్టి, ఆవిడకు హాయిగా ఉన్నచోట నాబ్ పక్కన చిన్న ఎర్ర స్టిక్కరు అతికించాను. దానికి దగ్గరలో ఉంటే చెవికి క్షేమం అన్నాను.

వారం తర్వాత ఫోను చేశారు. ధ్వని బాగా పెరిగింది. తలబరువు ఇరవై నిమిషాలకు బదులు పదిహేనుకే వస్తోంది. తంబురా వణుకు అలాగే ఉంది. పైగా ఆంప్ పైభాగం ముట్టుకుంటే చేయి జిల్లుమంటోంది. ఈ చివరిది పాత అపార్టుమెంట్లలో నాకు అలవాటైన సంగతే. గోడలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, దాని వెనక ఎర్త్ తీగ ఉండదు. అడాప్టరు నుంచి కారే కాస్త కరెంటు లోహపు పెట్టె మీదికి వస్తుంది. ఆ ఇంట్లో టేబుల్ ఆంప్ కన్నా ఫోనుకు తగిలించే చిన్న పరికరమే నయం అని అప్పుడే ఒక మూల రాసుకున్నాను.

రెండో ప్రయత్నం: ఈక్వలైజరు

ధ్వని సరిపోయినా అలసట తగ్గలేదు. అంటే ఏదో ఒక స్వరస్థాయి గుచ్చుకుంటూ ఉండాలి. 3, 4 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు మూడు, నాలుగు వేల కంపనాల ప్రాంతంలో మనిషి చెవి చాలా చురుకు. హల్లుల పదును, వయొలిన్ కమాను రాపిడి ఉండేది కూడా అక్కడే. ఫోనులో ఈక్వలైజరు యాప్ (ఏ స్వరస్థాయిని ఆ స్థాయిగా పెంచి తగ్గించేది) పెట్టి, ఆ ప్రాంతం నుంచి పైకి 3 డెసిబెల్స్ తగ్గించాను. నా ఆఫీసులో విని "ఎంత చల్లగా ఉందో" అన్నారు. సంతోషంగా పంపించాను.

నాలుగు రోజులకు: "వయొలిన్‌కు దుప్పటి కప్పారు. మాటలు తెలియక ఇంకా పెంచుకుంటున్నాను." అంటే నా సవరణ వల్ల మొత్తం ధ్వని ఇంకా పెరిగింది. అలసటకు మందు అనుకుని నేనిచ్చింది అలసటనే పెంచింది.

తంబురా వణుకు గురించి మళ్లీ అడిగారు. పాత టేపుల్లో చక్రం వేగం నిలకడగా ఉండదు, రికార్డింగులోనే ఆ లోపం ఉంది అని చాలా నమ్మకంగా చెప్పాను. "మీ ఆఫీసులో వణకలేదు కదా?" అన్నారు. అప్పుడు అంత శ్రద్ధగా విని ఉండరన్నాను. ఎనిమిదేళ్లు తంబురా పక్కన కూర్చుని నేర్చుకున్న మనిషితో నేనన్న మాట అది! ఇప్పుడు తలచుకున్నా సిగ్గుగా ఉంటుంది.

మలుపు

తర్వాతి వారం వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. ఆంప్ నాబ్ ఎర్ర స్టిక్కరును దాటి చాలా ముందుకు వెళ్లిపోయి ఉంది. కింద ఒక వాక్యం: "రాత్రి పూట మీరు గుర్తు పెట్టిన చోటే చాలుతోంది. మధ్యాహ్నమైతే ఇంత దూరం తిప్పాలి."

హెడ్‌ఫోన్ అదే, ఆంప్ అదే, రికార్డింగు అదే, చెవులూ అవే. మారింది వేళ ఒక్కటే. అప్పటిదాకా నేను ఆ ఇంటికి వెళ్లలేదు. ఏసీ ఆపి, తలుపు మూసి, కిటికీలకు మందపాటి తెరలు వేసిన నా ఆఫీసు గదిలోనే అన్ని పరీక్షలూ చేశాను. మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లాను. మే నెల. బెజవాడలో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఆవిడ వినే కుర్చీ సరిగ్గా ఫ్యాను కింద ఉంది. అందులో కూర్చుని, పాటేమీ పెట్టకుండా హెడ్‌ఫోన్ ఒక్కటే తలకు తగిలించుకున్నాను. తల మీద ఏమీ లేనట్టే ఉంది. ఫ్యాను గాలి జాలీకి తగిలి సన్నగా హోరుమంటోంది. ఆ హోరు కింద ఇంకేదో ఉంది, ఒక స్వరం. స్థిరంగా పలుకుతున్న ఒక మంద్ర స్వరం.

ఫ్యాను రెగ్యులేటరు మూడులో ఉంది. ఐదుకు తిప్పాను. గాలి హోరు పెరిగింది, ఆ స్వరం మాత్రం దాదాపు మాయమైంది. మళ్లీ మూడుకు తెచ్చాను. తిరిగి వచ్చింది. ఆవిడను కూర్చోబెట్టి, వణుకుతోందన్న కచేరీ పెట్టి, ఏమీ చెప్పకుండా రెగ్యులేటరు తిప్పాను. మూడులో "ఇదిగో, వణుకుతోంది." ఐదులో "ఇప్పుడు లేదు." ఫ్యాను ఆపేస్తే "హమ్మయ్య."

కారణం ఇది. అది ట్రయాక్ ఉన్న పాత రకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు. మధ్య వేగాల్లో అది కరెంటు అలను ముక్కలుగా కోసి మోటారుకు పంపుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, మోటారు దానికి రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్ దగ్గర గుర్రుమంటుంది. అల ముక్కలైంది కాబట్టి 200, 300 దగ్గర కూడా గట్టిగానే పలుకుతుంది. ఫోనులో స్పెక్ట్రమ్ చూపించే యాప్ తెరిస్తే ఆ మూడు చోట్లా ముళ్లలాంటి గీతలు లేచి ఉన్నాయి. పూర్తి వేగంలో అల దాదాపు కోతపడదు, అందుకే ఐదులో గుర్రు లేదు.

ఇప్పుడు సంగీతం వైపు నుంచి చూడండి. గాయనులు చాలామంది ఐదో శ్రుతికి అటూ ఇటూగా పాడతారు. ఐదో శ్రుతిలో షడ్జమం, అంటే ఆధార స్వరమైన 'స', సుమారు 196 హెర్ట్జ్. తంబురా 196 దగ్గర, ఫ్యాను 200 దగ్గర. దగ్గరదగ్గరగా ఉన్న రెండు స్వరాలు కలిసి వినబడితే వాటి తేడా ఎంతో, సెకనుకు అన్నిసార్లు ధ్వని పెరిగి తగ్గుతుంది. ఇక్కడ నాలుగుసార్లు. అదే వణుకు. మగవాళ్లు ఒకటో శ్రుతి ప్రాంతంలో పాడితే షడ్జమం 131 దగ్గర ఉంటుంది. అది ఫ్యాను స్వరాలకు అంత దగ్గరగా రాదు, వణుకు అంతగా తెలియదు. "ఆడవాళ్లు పాడినవాటిలోనే" అని ఆవిడ మొదటి రోజే చెప్పారు. రోగి లక్షణాన్ని ఇంత కచ్చితంగా చెప్పాక టేపు చక్రాల కథ చెప్పిన వైద్యుణ్ణి నేను.

మొదటి ఫిర్యాదు కూడా ఇక్కడే విడిపోయింది. నా ఫోను యాప్‌లో ఫ్యాను ఆపితే 33, మూడులో 47, ఐదులో 54 డెసిబెల్స్ కనిపించాయి. ఫోను చూపే అసలు అంకెలను నేను నమ్మను, వాటి మధ్య తేడాను నమ్మవచ్చు. ఆ హోరును దాటి తంబురా, గమకాల చివర్లు వినాలంటే ధ్వని పెంచక తప్పదు. పెంచితే తారస్థాయిలో గొంతు చెవిని బాదుతుంది. అలసట హెడ్‌ఫోన్ నుంచి రాలేదు, చాలీచాలని ఆంప్ నుంచీ రాలేదు. ఫోనుతో వచ్చిన ఇయర్‌ఫోన్లు ఎందుకు నయమో కూడా అప్పుడే తెలిసింది. అవి చెవి రంధ్రాన్ని బిరడాలా మూసే రకం.

ఏం చేశాం

ముందు చవకది. ట్రయాక్ రెగ్యులేటరు తీయించి, కెపాసిటర్లతో అంచెలుగా వేగం మార్చే రకం పెట్టించాం. ఇది అలను కోయదు కాబట్టి గుర్రు రాదు. ఎలక్ట్రీషియన్ కూలితో కలిపి 550 రూపాయలు. కుర్చీని ఫ్యాను కింద నుంచి రెండు మీటర్లు పక్కకు జరిపాం. ఆ సాయంత్రమే తంబురా నిలబడింది. ఆడియో పేరుతో వేలు, లక్షలు ఖర్చు పెట్టించినవాణ్ణి నేను. ఒక ఫ్యాను రెగ్యులేటరుకు వచ్చినంత మెచ్చుకోలు వాటిలో దేనికీ రాలేదు.

తర్వాత ఆంప్ సంగతి తేల్చాలి. అబ్బాయి ఇంకా ఆంప్ మీదే ఉన్నాడు. రాత్రి పది దాటాక ఫ్యాను ఆపి పరీక్ష పెట్టాను. ఒకవైపు నా టేబుల్ ఆంప్, మరోవైపు ఫోనుకు తగిలించే యూఎస్‌బీ డాంగిల్. అది గరిష్ఠంగా ఒక వోల్టు ఇస్తుంది. ఇలాంటి పోలికలో ఏది కాస్త గట్టిగా మోగితే అదే బాగుందనిపిస్తుంది, అది మనిషి చెవి స్వభావం. కాబట్టి రెండింటి స్థాయినీ మల్టీమీటరుతో సమానం చేశాను. చవక మల్టీమీటర్లు 50 హెర్ట్జ్ కోసం చేసినవి, 1000 దగ్గర వాటి మాట నమ్మలేం. అందుకే 100 హెర్ట్జ్ స్వరం పెట్టి కొలిచాను. ఆవిడ అటు తిరిగి కూర్చున్నారు, నేను నాణెం ఎగరేసి మార్చుతూ వచ్చాను. పదిసార్లలో ఆరుసార్లు ఆంప్‌ను సరిగ్గా గుర్తుపట్టారు. నాణెం చేత చెప్పించినా ఇంచుమించు అంతే వస్తుంది. "నాకు రెండూ ఒకటే బాబూ, ఇక పడుకుంటాను" అన్నారు. ఆంప్ వెనక్కి తెచ్చేసుకున్నాను. అందరికీ ఆంప్ వృథా అని నేను అనడం లేదు. నిశ్శబ్దమైన గదిలో, ఆవిడ వినే స్థాయికి ఆ ఒక్క వోల్టు చాలింది, అంతవరకే. డాంగిల్ కొనేవారికి ఒక మాట: కొన్ని డాంగిళ్లు కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లతో పూర్తి వోల్టేజి ఇవ్వవు. మీ ఫోనుకే పెట్టి విని కొనండి.

పక్క గదిలోకి వెళ్లిపోయే గొంతు

మూడో ఫిర్యాదు రెగ్యులేటరు మారినా పోలేదు. ఇది వేరే జబ్బు.

రెండు వైపులా ఒకే ధ్వని ఉండే మామూలు మోనో గొంతు ఒకటి పెట్టి, ఎక్కడ వినిపిస్తోందో వేలితో చూపించమన్నాను. మోనో అయితే ముఖానికి నడిమధ్య వినిపించాలి. ఆవిడ వేలు కుడి కనుబొమ్మ మీదికి వెళ్లింది. హెడ్‌ఫోన్‌ను తిరగేసి, ఎడమ కప్పు కుడి చెవికి పెట్టాను. లోపం హెడ్‌ఫోన్‌లో ఉంటే గొంతు ఇప్పుడు ఎడమకు జరగాలి. జరగలేదు. కుడి కనుబొమ్మ దగ్గరే ఉంది. అంటే తేడా చెవుల్లో ఉంది.

అక్కడితో నా విద్య అయిపోయింది. ఈఎన్‌టీ వైద్యుణ్ణి చూడమన్నాను. ఎడమ చెవిలో గులిమి గట్టిపడి ఉందట, ముందు అది తీశారు. తర్వాత వినికిడి పరీక్ష చేశారు. వయసుతో వచ్చే తరుగు రెండు చెవుల్లోనూ పై స్థాయిల్లో ఉంది. ఎడమ చెవిలో 4 కిలోహెర్ట్జ్ దగ్గర కుడి కన్నా 20 డెసిబెల్స్ ఎక్కువ. ఇప్పటికి యంత్రం అక్కర్లేదు, ఏడాదికోసారి వచ్చి చూపించుకోమన్నారు. ఆ కాగితం చూశాక నా ఈక్వలైజరు సలహా ఎంత తలకిందులో అర్థమైంది. ఆవిడకు అసలే తక్కువగా వినిపించే చోట నేను ఇంకో మూడు కోసేశాను.

ఇక పాటల సంగతి. మన పాత సినిమా పాటలు మోనోలో రికార్డయినవే ఎక్కువ. తర్వాత వాటిని మళ్లీ విడుదల చేసినప్పుడు కొన్నిటిని బలవంతంగా స్టీరియో, అంటే రెండు వైపులా వేర్వేరు ధ్వని ఉండేలా చేశారు. ఒకవైపు పై స్థాయిలు, ఇంకోవైపు కింది స్థాయిలు ఎక్కించడం ఒక పద్ధతి, ఒకవైపును రవ్వంత ఆలస్యం చేయడం ఇంకో పద్ధతి. తొలినాళ్ల అసలు స్టీరియోలో కూడా గొంతు పూర్తిగా ఒక పక్కకే ఉన్న పాటలు ఉన్నాయి. గదిలో స్పీకర్లతో వింటే రెండు చెవులకూ రెండూ చేరతాయి కాబట్టి పెద్దగా తేడా తెలియదు. హెడ్‌ఫోన్‌లో ఎడమది ఎడమకే, కుడిది కుడికే. గొంతు ఎడమ పక్కకు ఉన్న పాట వస్తే, పాడే మనిషి ఆవిడ బలహీనమైన చెవి వైపు నిలబడి పాడుతున్నట్టే.

మందు ఉచితం. ఫోను సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద "మోనో ఆడియో" అని ఒక మీట ఉంటుంది. అది వేస్తే రెండు వైపులదీ కలిపి రెండు చెవులకూ సమానంగా పంపుతుంది. ఆవిడ వినే కచేరీలు దాదాపు అన్నీ మోనోవే కాబట్టి పోయేదేమీ లేదు. ఒక లాభం కూడా ఉంది. పాత రికార్డు నుంచి ఎక్కించిన మోనో పాటల్లో రెండు వైపుల బుసబుస ఒకలా ఉండదు, గొంతు మాత్రం ఒకటే. కలిపితే గొంతు బలపడుతుంది, బుస అంతగా పెరగదు. అక్కడే ఉన్న బ్యాలెన్స్ గీతను కూడా ఎడమవైపు కొద్దిగా జరిపాం. 20 డెసిబెల్స్ లోటు మొత్తం పూడ్చాలని చూడలేదు. బలహీనమైన చెవి అని దాని మీద ఎక్కువ ధ్వని కుమ్మరించడం మంచిది కాదు. వయోజనులకు వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. నేను దానికి చాలా కిందనే ఉండేలా చూశాను.

బలవంతపు స్టీరియోలో ఆలస్యం పద్ధతి వాడిన పాటలు మోనో చేస్తే గొట్టంలోంచి వచ్చినట్టు వినిపిస్తాయి. ఆవిడకు అలాంటివి అయిదారు తగిలాయి. వాటికి నా దగ్గర మందు లేదు. వేరే చోట దొరికే మంచి ప్రతి వెతుక్కోవడమే.

మధ్యాహ్నానికి మరో హెడ్‌ఫోన్

గుర్రు పోయింది కానీ మే నెలలో ఫ్యాను తిరగక తప్పదు, గాలి హోరు ఉంటుంది. ఓపెన్ బ్యాక్ దానికి అడ్డు కాదు. బడ్జెట్ డబ్బు ఖర్చు పెట్టాల్సిన చోటు ఇదేనని ఇక్కడికి వచ్చాక తేలింది.

రెండు దారులు. ఒకటి నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్న బ్లూటూత్ హెడ్‌ఫోన్. ఫ్యాను లాంటి నిలకడైన కింది స్థాయి ధ్వనిని అణచడంలో దానికి సాటి లేదు. ఇంకొకరి కేసైతే నా ఓటు దానికే. ఆవిడ పెట్టుకోగానే "కొండ ఎక్కుతున్న బస్సులో చెవులు మూసుకుపోయినట్టుంది" అన్నారు. కొందరికి ఆ ఒత్తిడి భావన అస్సలు పడదు. రోజూ ఛార్జింగ్, నాలుగైదేళ్లకు బలహీనపడే బ్యాటరీ కూడా ఆవిడకు నచ్చలేదు.

రెండోది మామూలు క్లోజ్డ్ బ్యాక్, వైరుతో. దీనికి ఒక హద్దు ఉంది. మూసిన కప్పులు పై స్థాయి హోరును బాగా ఆపుతాయి, 100, 200 ప్రాంతాన్ని అంతగా ఆపలేవు. రెగ్యులేటరు మార్చకుండా ఇది కొని ఉంటే వణుకు మిగిలే ఉండేది. క్రమం మారితే డబ్బు దండగయ్యేది.

ఎంచుకోవడంలో నేను చూసినవి మూడు. ఆవిడకు కళ్లద్దాలు ఉన్నాయి. తోలులాంటి గట్టి దిండ్లయితే అద్దాల కాడ పక్కన సందు పడి మృదంగం ఎడమవైపు నాదం కారిపోతుంది. చెమట రెండోది. బట్ట దిండ్లయితే ఈ రెండింటికీ నయం. మూడోది, ఫోను జాక్‌కే సరిపోవాలి. చివరికి బెయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో తీసుకున్నాం. అది 32, 80, 250 ఓమ్‌ల రకాల్లో దొరుకుతుంది, ఇది 80 ది. ఒక మిల్లీవాట్‌కు 96 డెసిబెల్స్ చొప్పున లెక్కేస్తే, ఫోను ఇచ్చే అర వోల్టుకు 101 దాకా వస్తుంది. చాలు. పై స్థాయిలు కాస్త హెచ్చుగా పలికే తరహా అది. నా చెవికి కొంచెం ఎక్కువే, వినికిడి కాగితం ప్రకారం ఆవిడకు సరిపోయింది. దాని 3 మీటర్ల వైరును ఆవిడ చుట్టచుట్టి జడ రిబ్బనుతో కట్టేశారు.

అద్దాలు పెట్టుకుని, తీసి, రెండు విధాలా వినిపించాను. ఫ్యాను ఐదులో ఉంచే. ఈసారి ఆవిడ ఇంట్లోనే.

ఖర్చు: హెడ్‌ఫోన్ 14,500, డాంగిల్ 1,500, వైద్యుడికి, వినికిడి పరీక్షకు 1,200, రెగ్యులేటరు 550. మొత్తం 17,750. మిగిలిన 7,250 కొడుక్కి తిరిగి పంపేశారు. మొదటి రెండు సలహాలకు నేను ఫీజు తీసుకోలేదు. తీసుకోమని బలవంతం చేశారు, కానీ నోరు రాలేదు.

నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు ఎవరు పిలిచినా పరికరాల పేర్లు అడిగే ముందు రోజులో ఏ వేళ వింటారు, ఎక్కడ కూర్చుంటారు, ఆ వేళ ఇంట్లో ఏమేం మోగుతుంటాయి అని అడుగుతున్నాను. దూరంలో ఉండి ఇంటికి వెళ్లలేకపోతే ఒక పని చేయిస్తాను. ఎప్పుడూ వినే చోట, ఎప్పుడూ వినే వేళకు, పాట పెట్టకుండా హెడ్‌ఫోన్ తలకు తగిలించుకుని రెండు నిమిషాలు కూర్చుని, ఏమేం వినిపించాయో రాసి పంపమంటాను. ఫ్రిజ్, నీళ్ల మోటారు, ఇన్వర్టరు గుర్రు, పక్కింటి కుక్కరు విజిళ్లు అన్నీ ఆ చీటీల్లో వస్తున్నాయి.

నాబ్ పక్కన స్టిక్కరు పెట్టడం మాత్రం మానలేదు. ఫోను అయితే వాల్యూమ్ ఎన్నో గీత దగ్గర ఉందో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రాయమంటున్నాను. వేళను బట్టి ఆ గీత మారుతుంటే గదిని చూస్తాను. పాటను బట్టి మారితే రికార్డింగును. ఎప్పుడూ ఎక్కువే ఉంటే, యాభై దాటినవాళ్లయితే, ఏదైనా కొనే ముందు వినికిడి పరీక్ష చేయించుకు రమ్మంటున్నాను. ఇద్దరు నొచ్చుకున్నారు. ఒకాయన మళ్లీ ఫోను చేయలేదు.

కస్టమరు వాడిన మాటలను నా భాషలోకి మార్చకుండా రాసుకోవడం పాత అలవాటే. నోటు పుస్తకంలోకి ఎక్కించకుండా వదిలేసే మాటలకు ఇప్పుడు చివర ఒక పేజీ కేటాయించాను.

ఆ తర్వాత

ఆరు నెలలకు ఫోను చేసి కనుక్కున్నాను. మధ్యాహ్నం క్లోజ్డ్ బ్యాక్‌తో గంటన్నర వింటున్నారు, తలబరువు లేదు. కొడుకు తెచ్చిన హెడ్‌ఫోన్ మూల పడలేదు. ధనుర్మాసంలో ఫ్యాను అక్కర్లేని వేళ, తెల్లవారుజామున నాలుగున్నరకు, డాంగిల్ తగిలించి దానితోనే తిరుప్పావై వింటున్నారు. అప్పుడు గొంతు ఎదురుగా కూర్చుని పాడినట్టుందట. ఆ మాట కొడుక్కి కూడా చెప్పారట.

ఫోను పెట్టేసే ముందు, ఎదురింటివాళ్లు కొత్తగా ఏసీ పెట్టించారని, దాని బయటి పెట్టె సరిగ్గా రెండున్నర శ్రుతిలో ఉందని చెప్పారు. దానికేమైనా చేయగలనా అని అడిగారు. వాళ్లు నన్ను పిలిస్తే చూస్తానన్నాను.